సంఘం పెట్టె

చెల్లప్ప మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చి, కొట్టు గడప అవతలే నిలబడి చెప్పాడు.

"ఇవాళ పెట్టె ఎక్కడికీ పోకూడదంట."

సుడలైముత్తు పెళ్ళి నుంచి తిరిగొచ్చిన అన్నం గుండిగలను తుడుస్తున్నాడు. తలెత్తలేదు.

"ఎవరంట?"

"ఎవరేంటి అన్నాచ్చీ? మొదలాళీయే."

"ఎవరి కోసమంట?"

చెల్లప్ప వర్తక సంఘం గుమాస్తా. వీధి అటూ ఇటూ చూశాడు. మండు వేసవి కత్తిరి ఎండలు మొదలై నాలుగో రోజు. బజారులో కుక్క కూడా లేదు. అయినా గొంతు తగ్గించాడు.

"పెద్దాయనకు పొద్దుటి నుంచి చెంచాతో పాలు పోస్తున్నారు. గుటక పడటం లేదు. అంతకుమించి నన్నడక్కు."

"అడిగితే?"

"అడిగినా చెప్పను. చెబితే నా నోరు పడిపోద్ది. నువ్వు తెలివైనోడివి, నీకు విడమర్చి చెప్పాలా?"

"ఈలోగా ఎవరైనా వచ్చి అడిగితే ఏం చెప్పను?"

"రిపేరని చెప్పు," అన్నాడు చెల్లప్ప. "నీకేమన్నా కొత్తా?"

అనేసి, తుండుగుడ్డ నెత్తిన వేసుకుని ఎండలోకి పోయాడు. సుడలైముత్తు తుడిచిన గుండిగనే మళ్ళీ తుడిచాడు.

ఆవుడైపట్టి వర్తక సంఘం చేసే మంచి పనులన్నీ మూటల మీద నడుస్తాయి. బజారులో దిగే ప్రతి మిరపకాయల మూటకు, ప్రతి పప్పు మూటకు ఇంత అని కొట్లవాళ్ళు పక్కన పెడతారు. దాన్ని మగమై అంటారు. ఆ మగమైతోనే బడి కట్టారు. బస్టాండులో నీళ్ళ తొట్టి కట్టారు. ఏడేళ్ళ కింద ఈ ఫ్రీజర్ పెట్టె కొన్నారు. ఊళ్ళో ఎవరు పోయినా, దూరాన ఉన్న బిడ్డలు వచ్చి ముఖం చూసేదాకా శవం చెడకూడదని. అద్దె లేదు. ఇచ్చినవాళ్ళ పేర్లు మాత్రం ఉన్నాయి. నాలుగు పక్కలా ఉన్నాయి, గాజు మూత మీదా ఉన్నాయి. తల వచ్చే చోట అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో: శంకరపాండి అండ్ సన్స్, మిర్చి మండీ.

నాలుగేళ్ళ కింద సుడలైముత్తు భార్య పొన్నుత్తాయి ఆ పెట్టెలోనే ఒక పూట పడుకుంది. ఆమె నొసలు చూడాలంటే అతను మెడ పక్కకు వంచి, శంకరకూ పాండికీ మధ్య ఉన్న సందులోంచి చూడాల్సి వచ్చింది. ఆ రోజు దాన్ని గౌరవం అనుకున్నాడు. అనుకున్నందుకు ఇప్పుడు తన మీదే అసహ్యం.

పెట్టె అతని దగ్గర ఉండటానికి కారణం వేరే ఏమీ లేదు. అతనిది షామియానా కొట్టు. కొట్టు సంఘం కట్టడంలో ఉంది. అతని దగ్గర జనరేటరు ఉంది, వైర్ల పని తెలుసు, ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు లేరు. సంఘం అధ్యక్షుడు రాజమాణిక్కం తాళంచెవి ఇచ్చాడు. బజారంతా మొదలాళీ, అంటే యజమాని, అని పిలిచే మనిషి. సుడలైముత్తు వద్దనలేదు.

ఒక పుస్తకం కూడా ఇచ్చారు. మొదటి పేజీలో రాజమాణిక్కం తండ్రి శంకరపాండి స్వహస్తంతో రాసిన నియమం ఉంది. చనిపోయినవాళ్ళ పేరు, పోయిన వేళ, అడిగినవాళ్ళ సంతకం లేకుండా పెట్టె గడప దాటకూడదు, ఎవరి కోసమూ ఆపి ఉంచకూడదు; ముందు ఎవరు పోతే వాళ్ళకి. ఆ నియమం ఊరికే పుట్టలేదు. పెట్టె వచ్చిన కొత్తలో పప్పుల కొట్టు కోడలు ఒకామె, అత్తకు ఊపిరి ఉండగానే తొందరపడి పెట్టె తెప్పించింది. ముసలామె కళ్ళు తెరిచి, పక్కన ఉన్న పెట్టెను చూసి, కాఫీ అడిగింది. తర్వాత మూడేళ్ళు బతికింది. ఆ మూడేళ్ళూ కోడలితో ఒక్క ముక్క మాట్లాడలేదు. అప్పటి నుంచి ఊళ్ళో బతికున్న మనిషి పక్కన పెట్టె మాట ఎత్తినవాడు ఆ మనిషిని చంపినవాడితో సమానం.

ఒంటిగంట దాటాక ట్రాలీ ఆటో ఒకటి వచ్చి కొట్టు ముందు ఆగింది. మాడసామి దిగాడు. మిర్చి మండీలో మూటలు మోసే మనిషి, ఊరవతల ఎస్సీ కాలనీవాడు. యాభై దాటాయి, భుజం మూటలకు కాయ కాసి గుండ్రంగా ఉంటుంది. అతని వెనక ఇద్దరు దిగారు. ఎవరూ గడప తొక్కలేదు.

మాడసామి పెట్టె అడగలేదు. మెట్టు మీద కూర్చుని, తుండుతో మెడ తుడుచుకుని అన్నాడు.

"ఈసారి ఏం పాడైంది?"

సుడలైముత్తు లేచి నిలబడ్డాడు. "ఎవరు?"

"మా వదిన."

"వెళ్ళైయమ్మాళా?"

"పదకొండూ పదికి. మండీ వెనక రేకుల కింద మిరపకాయల ముచ్చికలు తీస్తా తీస్తా పక్కకి ఒరిగింది. నిద్రపోతోందనుకున్నారు. మేస్త్రీ వచ్చి తిట్టాడు కూడా. తిట్లన్నీ అయ్యాక తెలిసింది."

"ఆమె కూతురు ఇసక్కికి చెప్పారా?"

మాడసామి అతని ముఖంలోకి చూశాడు. "చెప్పాం. త్రిపురలో ఉంది, బార్డర్ మీద కాపలా ఉద్యోగం. సెలవిచ్చారు. విమానం, రైలు, బస్సు. రేపు పొద్దున పదింటికి దిగుతాది. ఈ ఎండకు రేపు పదింటిదాకా... మీకు తెలీదా? శవాల లెక్క మీకే తెలుసు."

సుడలైముత్తుకు తెలుసు. సాయంత్రానికి ముక్కు మూసుకోవాలి. రాత్రికి పూడ్చిపెట్టాలి.

అంతకు ముందు కూడా ఒకసారి అలాగే పూడ్చారు. మూడేళ్ళ కింద వెళ్ళైయమ్మాళ్ మొగుడు ఊర్కావలన్ పోయాడు. అప్పుడూ ఇదే మాడసామి వచ్చాడు. ఇదే మెట్టు. అప్పుడూ ఇసక్కి దూరాన ఉంది, ఒక్కతే కూతురు. సుడలైముత్తు అతన్ని చూడగానే అనేశాడు: రిపేరులో ఉంది. సంఘం నుంచి ఎవరూ రాలేదు, ఫోను చేయలేదు. పెట్టె కాలనీకి పోతే బజారువాళ్ళు ఏమంటారో తనకు తెలుసు. వాళ్ళు అడగకముందే వాళ్ళకు కావలసింది చేసిపెట్టాడు. తండ్రిని పూడ్చిన మరుసటి రోజు ఇసక్కి కొట్టుకు వచ్చింది. ఏమీ అడగలేదు. వైరు తీసి గోడకు గుచ్చింది. పెట్టె గురుమంది. గాజు మీద అరచేయి పెట్టి చల్లబడేదాకా నిలబడింది. తర్వాత వైరు తీసి, చుట్ట చుట్టి, దాని చోట పెట్టి వెళ్ళిపోయింది.

"రిపేరా అని అడుగుతున్నా," అన్నాడు మాడసామి. "అవునంటే ఐస్ కంపెనీకి పోవాలి. అక్కడా ఐస్ ఉండదు, పెళ్ళిళ్ళ రోజులు. ఏదో ఒకటి చెప్పండి."

సుడలైముత్తు పుస్తకం తీశాడు. పేరు రాశాడు. వెళ్ళైయమ్మాళ్, భర్త ఊర్కావలన్, పగలు పదకొండూ పది. పుస్తకం మాడసామి ముందుకు తోశాడు.

"సంతకం పెట్టు."

మాడసామి పెన్ను పట్టుకుని అనుమానంగా చూశాడు. "ఇదేం ఆట?"

"పెట్టు."

పెట్టాడు. సుడలైముత్తు పుస్తకం చంకలో పెట్టుకుని చెప్పులు వేసుకున్నాడు.

"నేను వచ్చేదాకా ఇక్కడే ఉండండి. పెట్టెను ముట్టుకోవద్దు. ఒకడు పోయి డీజిల్ తీసుకురండి, జనరేటరులో లేదు."

"ఎక్కడికి?"

"పెద్దింటికి."

మాడసామి నవ్వాడు. "అనుకున్నా. సెలవడగడానికా?"

"లేదు."

"మరి పారిపోడానికా?"

"కొట్టు నీ ముందే ఉంది, పెట్టె నీ ముందే ఉంది. చెప్పులు తప్ప నేను ఏం తీసుకుపోతున్నాను?"

ఎండలో నడిచాడు. పెట్టెను ఇప్పుడే ట్రాలీ ఎక్కించి పంపొచ్చు. కానీ నాలుగు వీధుల అవతల ఎవడో ఆపుతాడు. అధ్యక్షుడి మాట మీరి దొంగతనంగా పంపాడంటారు. దొంగ సొత్తును వెనక్కి తేవడం ఎవరికైనా తేలిక. పెట్టె ఎవరి కోసమూ ఆపలేదని మొదలాళీ నోటి నుంచే రావాలి. నలుగురిలో రావాలి.

పెద్దింట్లో నలుగురు కాదు, నలభై మంది ఉన్నారు. హాలులో పట్టెమంచం మీద శంకరపాండి. ఎనభై తొమ్మిదేళ్ళు. గొంతులో గురక లేచి, ఆగి, మళ్ళీ లేస్తోంది. ముగ్గురు కూతుళ్ళు మంచం చుట్టూ ఉన్నారు. ఇత్తడి గిన్నెలో పాలు, వెండి చెంచా. బంధువులు వరసగా వచ్చి ఒక్కో చెంచా పోస్తున్నారు. పాలు పెదవి చివరి నుంచి కారి దిండు మీద పడుతున్నాయి.

రాజమాణిక్కం వసారాలో ఫోను మాట్లాడుతున్నాడు. సుడలైముత్తును చూసి కళ్ళతోనే వెళ్ళమన్నాడు. సుడలైముత్తు వెళ్ళలేదు. వసారా దాటి హాలు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం సుడలై? నాన్నను చూడ్డానికా? చూసి పో," అన్నాడు రాజమాణిక్కం వెనకే వచ్చి.

"చూశాను మొదలాళీ. పుస్తకం పని మీద వచ్చాను."

"ఏ పుస్తకం?"

"పెట్టె పుస్తకం." గొంతు పెంచలేదు. హాలులో మాటలు ఆగి ఉన్నాయి కాబట్టి పెంచనక్కర లేకపోయింది. "పెట్టె ఇవాళ ఎవరికీ ఇవ్వొద్దని చెల్లప్పతో చెప్పించారు. ఆపాలంటే పేరు రాయాలి. అయ్య పెట్టిన నియమమే. ఎవరి పేరు రాయమంటారు?"

చెంచా ఆగింది.

పెద్దకూతురు సెందామరై తల తిప్పింది. అరవై ఏళ్ళ మనిషి, నోటికి శంకరన్‌కోవిల్ దాకా పేరుంది.

"ఏ పెట్టె?" అంది.

ఎవరూ మాట్లాడలేదు.

"ఏ పెట్టె అని అడుగుతున్నా. తమ్ముడూ, ఏ పెట్టె?"

"ఏం లేదక్కా, వీడేదో..."

"నాన్న ఊపిరి తీస్తా ఉంటే పెట్టె చెప్పావా? పాలు పోసే చేత్తోనే ఫోను చేసి పెట్టె చెప్పావా? ఇంకేం చెప్పావు, డప్పులవాళ్ళకీ చెప్పావా? పూలకి అడ్వాన్సు ఇచ్చావా?"

"అక్కా, అరవకు. నాన్న వింటాడు."

"వినాలి! కన్న కొడుకు ఏం చేస్తున్నాడో వినే పోవాలి!" చిన్నకూతురు ఏడుపు అందుకుంది. రెండో ఆమె నోట్లో కొంగు కుక్కుకుంది. ఎవరో పెద్దమనిషి "అపశకునం, అపశకునం" అని తల కొట్టుకున్నాడు.

రాజమాణిక్కం నుదుటి మీద చెమట విభూతిని కోసుకుంటూ దిగింది. సుడలైముత్తు పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని నిలబడ్డాడు.

"నేనెవరికీ ఏమీ చెప్పలేదు," అన్నాడు రాజమాణిక్కం. "ఆ చెల్లప్పకు మతి లేదు. ఎవరూ ఏ పెట్టె ఆపమనలేదు."

"అయితే పెట్టె ఎవరి కోసమూ లేదన్నమాట."

"లేదు."

"నలుగురిలో అన్నారు. చాలు మొదలాళీ."

పుస్తకం మూసి దణ్ణం పెట్టాడు. మంచం మీది మనిషికే పెట్టాడు. గేటు దాకా రాజమాణిక్కం వెంట వచ్చాడు, సాగనంపుతున్నట్టు భుజం మీద చెయ్యి వేసి.

"నీకు కొట్టు ఎవరిచ్చారు?"

"సంఘం."

"సంఘం అంటే ఎవరు?"

"మీరే."

"గుర్తుంటే చాలు. నెలాఖరుకు ఖాళీ చెయ్యి." వేళ్ళు భుజంలోకి దిగాయి. "ఎవరికిస్తున్నావు?"

"వెళ్ళైయమ్మాళ్‌కి. కాలనీ. మీ మండీలో ముప్పై ఏళ్ళు ముచ్చికలు తీసింది. మీ రేకుల కిందే పోయింది."

"నీకు మతి పోయిందా? అక్కడికి పోయొచ్చిన పెట్టెలో మళ్ళీ మనవాళ్ళు పడుకుంటారా?"

"పడుకునేవాళ్ళకు తెలీదు మొదలాళీ."

రాజమాణిక్కం చెయ్యి తీసేశాడు. "విను. నాన్నకేమన్నా అయిన మరుక్షణం పెట్టె ఇక్కడుండాలి. అది లోపల ఉన్నా సరే, బయట పడేసి తెప్పిస్తా. ఏం చేస్తావో చేసుకో."

పెట్టెను నలుగురు మోశారు. కాలనీ చివరి సందులోకి ట్రాలీ పోదు. వెళ్ళైయమ్మాళ్ ఇల్లు ఒకే గది. చాప మీద పడుకోబెట్టి, చుట్టూ తడి చీరలు కట్టారు. పెట్టె వచ్చేసరికే ఈగలు ముసిరాయి. జనరేటరు గుమ్మం పక్కన దించి, సుడలైముత్తు వైరు లాగి కలిపాడు. పెట్టె గురుమంది.

ఆమెను పెట్టెలోకి ఎక్కించేటప్పుడు ఒక మనిషి తక్కువయ్యాడు. సుడలైముత్తు వంగి కాళ్ళు పట్టుకున్నాడు. అరికాళ్ళు ఎండిన మట్టిలా ఉన్నాయి. ఆమె గోళ్ళ కింద, వేళ్ళ సందుల్లో మిరప ఎరుపు ఇంకా ఉంది. మూత వేశాక అతని కళ్ళు మండాయి. ఘాటే. ఏడుపు కాదు.

గుమ్మంలో కూర్చున్న ముసలామె ఒకతె, వెళ్ళైయమ్మాళ్‌తో కలిసి ముచ్చికలు తీసే కాత్తాయి, అతన్ని కింద నుంచి పైకి చూసింది.

"దారి తప్పొచ్చావా నాయనా? ఇది బజారు కాదే."

"తెలుసు."

"తెలిసే వచ్చావా? అయితే వాన పడుద్ది ఇవాళ."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ అతనికి మంచినీళ్ళు ఇవ్వలేదు. అతనూ అడగలేదు. జనరేటరు పక్కన, గోడ నీడ ఉన్నంత మేర కూర్చున్నాడు.

నాలుగున్నరకు బజారు వైపు నుంచి ఒక షట్టరు పడిన చప్పుడు వచ్చింది. తర్వాత ఇంకొకటి. తర్వాత వరసగా, వీధి పొడుగునా. కాలనీలో అందరూ ఆ చప్పుడు విన్నారు. ఎవరికీ చెప్పనక్కర లేకపోయింది.

"పోయాడు," అంది కాత్తాయి. "పోయినా మన ప్రాణానికే."

మాడసామి సందు మొదట్లోకి పోయి నిలబడ్డాడు. కుర్రవాళ్ళు పదిమంది అతని వెనక చేరారు. ఒకడి చేతిలో మూటలు లాగే ఇనుప కొక్కెం ఉంది. సుడలైముత్తు లేచి వెళ్ళి కొక్కెం చూపించాడు.

"అది లోపల పెట్టు."

"ఎందుకు? మీవాళ్ళకు గుచ్చుకుంటుందనా?"

"పోలీసులొస్తారు. నిన్ను తీసుకుపోతారు, పెట్టెనూ తీసుకుపోతారు. రేపు ఇసక్కికి ఏం చూపిస్తావు, కొక్కెమా?"

కుర్రవాడు మాడసామి వైపు చూశాడు. మాడసామి కళ్ళతో సరేనన్నాడు. కొక్కెం లోపలికి పోయింది.

ఐదున్నరకు వచ్చారు. ఎండ ఇంకా గోడల మీద ఉంది. రాజమాణిక్కం మేనల్లుడు కదిరేశన్, మండీ మనుషులు ముగ్గురు, అందరికంటే వెనక చెల్లప్ప. కదిరేశన్‌కు ముప్పై ఉండొచ్చు, సెందామరై కొడుకు. తాతను మోయాల్సినవాడు. స్నానం చేసి, కొత్త పంచె కట్టి, పైన ఏమీ లేకుండా వచ్చాడు.

"దారివ్వండి," అన్నాడు.

కుర్రవాళ్ళు కదలలేదు.

"గొడవకు రాలేదు. పెట్టె సంఘానిది. సంఘం పెట్టినాయనే పోయారు. ఆయనకే లేకపోతే ఇంకెవరికి? మీరే న్యాయం చెప్పండి."

"న్యాయమా?" అన్నాడు మాడసామి. "పుస్తకం చూడు. మీ తాత రాసిందే. ముందు ఎవరు పోతే వాళ్ళకి."

"వీళ్ళతో మాటలెందుకు? తీసుకుపోదాం పదండి," అన్నాడు మండీ మనిషి ఒకడు. కుర్రవాళ్ళు ఒక అడుగు ముందుకేశారు. ఇంకొక్క మాట చాలు.

"ఎవరూ అడ్డం రావద్దు," అన్నాడు సుడలైముత్తు. "దారివ్వండి."

కాలనీ అంతా అతని వైపు తిరిగింది. మాడసామి దగ్గరికొచ్చి, పళ్ళ మధ్య నుంచి అన్నాడు: "నీ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. ఇందుకేనా మధ్యాహ్నం నుంచి ఇక్కడ కూర్చున్నావు?"

సుడలైముత్తు గదిలోకి పోయాడు. అతని వెనక కదిరేశన్, మిగతావాళ్ళు గుమ్మం దాకా వచ్చారు. సుడలైముత్తు పెట్టె గొళ్ళెం తీసి, గాజు మూత ఎత్తి గోడకు ఆనించాడు. చల్లని పొగ నేల మీదికి దిగింది. వెళ్ళైయమ్మాళ్ ముఖం పేర్లు లేకుండా కనిపించింది.

"మూత తీశాను," అన్నాడు. "తీసుకుపోండి. ముందు ఆమెను బయటకు దించండి."

కదిరేశన్ మాడసామి వైపు తిరిగాడు. "దించండి."

"మేం దించం," అన్నాడు మాడసామి. ఇప్పుడు అతని గొంతు మారింది. అర్థమైంది.

"అన్నాచ్చీ, నువ్వు దించు," అన్నాడు కదిరేశన్ సుడలైముత్తుతో.

"నేను ఎక్కించాను. దించను."

"చెల్లప్పా!"

చెల్లప్ప సందులోకి చూస్తూ నిలబడ్డాడు. వినపడనట్టు.

బయట జనరేటరు కొట్టుకుంటోంది. లోపల చలి కారిపోతోంది. ఒక్కో నిమిషానికి ఎంత చలి పోతుందో సుడలైముత్తుకు తెలుసు. గదిలో వేడి ఆమె మీదికి దిగుతోంది. ఇంకో పది నిమిషాలు ఇలాగే ఉంటే తెల్లవారేసరికి తేడా తెలుస్తుంది. మూత మీద చెయ్యి వేసి ఉంచాడు. మూత మూయలేదు. మూస్తే ఓడినట్టే.

కదిరేశన్ గడప దాటాడు. ఒక అడుగు. రెండు అడుగులు. ఆమె కాలి బొటనవేళ్ళు కలిపి కట్టిన గుడ్డ పీలిక మీద అతని చూపు పడింది. చెయ్యి చాచాడు. జానెడు దూరంలో చెయ్యి ఆగింది.

గుమ్మంలో మండీ మనుషులు ముగ్గురూ ఆ చేతినే చూస్తున్నారు. రేపు బజారులో చెప్పేది వాళ్ళే. తాత పాడె పట్టాల్సిన చెయ్యి అది.

"ముట్టుకో నాయనా," అంది కాత్తాయి. "కరవదు. ముప్పై ఏళ్ళు మీ మిరపకాయలన్నీ అది ముట్టుకునే వచ్చాయి. మీరు తిన్నారు, అరిగింది కదా."

కదిరేశన్ చెయ్యి వెనక్కి వచ్చింది. ఏదీ ముట్టుకోని ఆ చేతిని కొత్త పంచెకు తుడుచుకున్నాడు. తుడుచుకుంటున్నానని అతనికే తెలిసినట్టు లేదు.

"పదండి," అన్నాడు.

"మొదలాళీతో ఏం చెబుదాం?" అన్నాడు ఒకడు.

"రిపేరని చెప్పు," అన్నాడు సుడలైముత్తు, మూత వేస్తూ.

వాళ్ళు పోయిన రెండు గంటల్లో పెద్దింటికి తిరునెల్వేలి నుంచి అద్దె పెట్టె వచ్చిందని తెలిసింది. అది మధ్యాహ్నమే తెప్పించుకోవచ్చు, ఎవరి నోటితోనూ చెప్పించక్కర లేకుండా. కానీ అద్దె పెట్టె మీద వేరే ఊరి పేరుంటుంది.

రాత్రంతా జనరేటరు ఆగలేదు. తెల్లవారి ఎనిమిదింటికి చెల్లప్ప ఒక్కడే వచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. సుడలైముత్తు పక్కన, కాస్త ఎడంగా గొంతుక్కూర్చున్నాడు.

"పెట్టె ఇంక వెనక్కి తేవద్దంట."

"ఎందుకంట?"

"ఎందుకేంటి? ఇక్కడికొచ్చాక అది మనకెందుకు పనికొస్తది? రాత్రి సంఘంవాళ్ళు కూర్చుని తీర్మానం చేశారు. పెద్దాయన జ్ఞాపకార్థం పెట్టెను కాలనీ ప్రజలకు దానమిచ్చారు. ఫ్లెక్సీ అచ్చుకిచ్చారు. పదహారో రోజున ఫొటో. మాడసామి వచ్చి అందుకోవాలంట."

మాడసామి విన్నాడు. పళ్ళు తోముకుంటున్న వేపపుల్ల తీసి ఉమ్మేశాడు.

"మా ఇంట్లో ఉన్నదాన్ని నేను పోయి అందుకోవాలా?"

"ఒక్క ఫొటోకే మాడసామీ."

"పెట్టెను మోసుకొచ్చి మళ్ళీ మోసుకుపోవాలా, లేక ఫొటోలో నేనొక్కణ్ణే చాలా?"

చెల్లప్పకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. "కనుక్కుని చెబుతా," అన్నాడు. లేస్తూ సుడలైముత్తుతో అన్నాడు: "నీ కొట్టుకు రాత్రే తాళం మార్చారు అన్నాచ్చీ. నెలాఖరు దాకా ఆగలేదు. గుండిగలు వీధిలో ఉన్నాయి. ఎవరూ ఎత్తుకుపోకముందే పో."

సుడలైముత్తు కదలలేదు. పది కావడానికి ఇంకా దాదాపు రెండు గంటలు ఉంది. డీజిల్ కొంచెమే మిగిలింది, సరిపోతుంది.

పదీ పావుకు ఇసక్కి వచ్చింది. ఒక సంచి, నలిగిన చుడీదారు, దగ్గరగా కత్తిరించిన జుట్టు. ఏడుపులు లేచాయి. ఆమె ఎవరినీ పట్టుకోలేదు. నేరుగా గదిలోకి పోయి గాజులోంచి చూసింది. అక్షరాలు అడ్డం వచ్చాయి. మెడ ఒక పక్కకు వంచింది. తర్వాత రెండో పక్కకు.

సుడలైముత్తు లోపలికి వచ్చి మూత తీసి పట్టుకున్నాడు. ఇసక్కి తల్లి చెంప మీద చెయ్యి పెట్టింది. చాలాసేపు తీయలేదు. చెంప చెడలేదు, రంగు మారలేదు. నిన్న ముచ్చికలు తీసిన మనిషే. ఇసక్కి వంగి తల్లి వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. అప్పుడు ఏడ్చింది.

ఏడుపు అయ్యాక బయటకొచ్చి, జనరేటరు దగ్గర నిలబడింది. దాని చప్పుడులో వాళ్ళ మాటలు మిగతావాళ్ళకు వినపడవు.

"మా నాన్నప్పుడు పెట్టె బాగానే ఉంది," అంది.

"బాగానే ఉంది."

"మీ చేత ఆ అబద్ధం ఎవరు చెప్పించారు?"

సుడలైముత్తు దగ్గర ఒక జవాబు ఉంది. రాజమాణిక్కం అనొచ్చు. ఎవరైనా నమ్ముతారు. నిన్నటి తర్వాత ఇంకా బాగా నమ్ముతారు.

"ఎవరూ చెప్పించలేదు. నేనే చెప్పాను."

ఆమె అతన్ని చూసింది. కోపంగా కాదు. కోపమైతే బాగుండేది.

"ఎవరో పైవాళ్ళు చెప్పించి ఉంటారనుకున్నా ఇన్నాళ్ళూ," అంది. "పెద్దోళ్ళ మాట కాదనలేని మనిషి అనుకుని సరిపెట్టుకున్నా."

ఆమె ఒకసారి గది వైపు చూసింది.

"జనరేటరు ఆపండి. ఇంక అక్కర్లేదు."

ఆపాడు. ఒక్కసారిగా సందంతా నిశ్శబ్దమైంది. లోపల ఆడవాళ్ళ ఏడుపు దగ్గరగా వినిపించింది. బయట పాడె కడుతున్నారు. సుడలైముత్తు తుండు నడుముకు బిగించుకుని అటు ఒక అడుగు వేశాడు.

"మోయడానికి మావాళ్ళున్నారు," అంది ఇసక్కి. "మీరు వెళ్ళండి."

అతను తుండు విప్పి భుజాన వేసుకున్నాడు. జనరేటరును తర్వాత తీసుకుపోతానని మాడసామితో చెప్పబోయి, చెప్పలేదు. మాడసామి వెదురు బద్దకు తాడు బిగిస్తున్నాడు, తల ఎత్తలేదు. సుడలైముత్తు సందులోంచి బయటికి, ఎండలోకి నడిచాడు. బజారు ఇంకా మూసే ఉంది. అతని గుండిగలు రోడ్డు పొడుగునా బోర్లా పడి ఉన్నాయి.